ఉప్పులేని నీళ్ళ ఊరు

యుమ్మా మోకాళ్ళ వల్లే నేను ఆ ఊరు చూశాను. అవి నొప్పి పెట్టకపోతే నేను గల్ఫ్‌లో నేనుంటున్న ఖోర్ ఫక్కాన్ దాటి మహా అయితే సెలవు రోజున షార్జా దాకా వెళ్ళేదాన్నేమో. స్విట్జర్లాండ్‌లో ఒక పెద్ద సరస్సు ఒడ్డున, రోమనులు కట్టిన గోడల పక్కన, నెలన్నర ఉండి వస్తావని ఎవరైనా ముందే చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

యుమ్మా అంటే నేను పనిచేసే ఇంటి పెద్దావిడ. ఇక్కడి అరబీలో అమ్మను పిలిచే పిలుపు అది. కొడుకులు, కూతురు, మనవలు, ఎదురింటివాళ్ళు అందరూ అలాగే పిలుస్తారు కనక నాకూ అదే అలవాటైంది. ఆవిడకు డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. ఎన్నేళ్ళో ఆవిడకే సరిగా తెలియదు. నాకు నలభై నిండినా ఆవిడ నోట నేను "బింత్"నే. అంటే పిల్ల.

ఆ ఇంట్లో మొదట నాది వంటింటి పని. యుమ్మాను చూసుకునే ఇథియోపియా అమ్మాయి 2020 మొదట్లో సెలవుకు వెళ్ళి, విమానాలు ఆగిపోవడంతో తిరిగి రాలేకపోయింది. అలా యుమ్మా పని నాకు వచ్చింది. స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, చెయ్యి పట్టి నడిపించడం. అన్నిటికంటే పెద్ద పని ఆవిడ మాటలు వినడం.

అంతవరకూ నాకు వచ్చిన అరబీ అంతా పని అరబీ. తీసుకురా, కడుగు, తొందరగా, ఖలాస్. ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి సరిపోయేది. నేనుగా ఒక మాట మొదలుపెట్టడానికి చాలేది కాదు. ఆ లాక్‌డౌన్ నెలల్లో బయటికి పోయేది లేదు, ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. యుమ్మాకు మాట్లాడకపోతే పొద్దు గడవదు. ఇల్లు కొండ వాలులో ఉంది. ముందు వరండాలో కూర్చోబెడితే రేవు, క్రేన్లు, దూరంగా లంగరు వేసుకుని ఆగిపోయిన ఓడలు కనిపించేవి. ఆవిడ ఒక్కొక్కటి చూపించి పేరు చెప్పేది. ఏ వైపు గాలిని ఏమంటారో, ఏ చేప ఏ నెలలో ఒడ్డుకు దగ్గరగా వస్తుందో చెప్పి, నాచేత తిరిగి చెప్పించేది. తప్పు చెబితే చేతి మీద చిన్న దెబ్బ వేసేది.

ఒకరోజు మా నాన్న సంగతి చెప్పాను. మా నాన్న గోదావరి మీద పడవ నడిపేవాడు. లంకలో నుంచి ఇవతలి రేవుకు మనుషుల్నీ అరటి గెలల్నీ దాటించేవాడు. యుమ్మా నన్ను తేరిపార చూసింది.

"ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉన్నావు. ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు యుమ్మా."

"మా నాన్న షాషాలు కట్టేవాడు," అంది.

షాషా అంటే ఖర్జూరపు మట్టలతో కట్టే చిన్న పడవ అని ఆ రోజే తెలిసింది. ఆకులు దూసేసి, మట్టల్ని నానబెట్టి, పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగిస్తారట. ఒక్క చెక్క ఉండదట, మేకు ఉండదట. ఒక్కరో ఇద్దరో కూర్చుని చేపలకు వెళ్ళేవారట. నాకు సరిగా ఊహకు అందలేదు కానీ తల ఊపాను.

ఆ వేసవిలోనే నాకు జ్వరం వచ్చింది, కరోనా అని తేలింది. మేడ మీద చివరి గదిలో ఉంచి, తిండి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవారు. వాళ్ళను తప్పు పట్టను, అందరికీ భయమే. యుమ్మా మాత్రం మెట్ల కింద కుర్చీ వేయించుకుని కూర్చునేది. కొడుకులు వద్దన్నారు, కూతురు కోప్పడింది. ఎవరి మాటా వినలేదు. కింద నుంచే కేక పెట్టేది.

"బింత్! బతికే ఉన్నావా?"

"ఉన్నాను యుమ్మా!"

"తిన్నావా?"

"తిన్నాను!"

"అబద్ధం! నీ గొంతు వింటే తెలుస్తోంది. తిను, తిని అప్పుడు చెప్పు!"

జ్వరం తగ్గేదాకా రోజూ ఇదే. ఇంత దూరం వచ్చాక నేను తిన్నానో లేదో అని కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి ఆవిడ ఒక్కతే.

2022 మొదట్లో యుమ్మా మోకాళ్ళకు ఆపరేషన్ అయింది. అయ్యాక కూడా బిగుసుకుపోయే ఉండేవి. వేడినీటి ఊటల్లో కొన్నాళ్ళు కాళ్ళు ఆడిస్తే మంచిదని డాక్టరు అన్నారు. ఆవిడ కూతురు, నేను మేడం అని పిలిచే ఆమె, వెతికి వెతికి ఒక ఊరు పట్టుకుంది. స్విట్జర్లాండ్‌లో చిన్న ఊరు. భూమిలో నుంచి వేడినీళ్ళు వస్తాయి. రెండువేల ఏళ్ళ కింద రోమనులు అక్కడ ఊరు కట్టుకున్నారు. పక్కనే సరస్సు. మేడం లాప్‌టాప్‌లో ఆఫీసు పని చేసుకుంటూ మాతో ఉంటుంది. యుమ్మాతో తిరగడానికి నేను వెళ్ళాలి.

ఊరి పేరు మేడం రెండుసార్లు చెప్పింది. నాకు నోరు తిరగలేదు. ఇప్పటికీ తిరగదు.

జెబెల్ అలీ దగ్గర ఒక ఇంట్లో వంట చేసే మా వదినకు ఫోన్ చేశాను.

"ఏ ఊరన్నావే?"

"పేరు రాట్లేదు వదినా. రోమనులు కట్టిన ఊరంట."

"రోమనులంటే సండే స్కూల్లో చెప్పేవోరు, ఆ సైనికులా?"

"ఆళ్ళే."

"వామ్మో! ఆళ్ళింకా ఉన్నారా?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత వదిన గొంతు మారింది. "జాగ్రత్తమ్మా. చలి దేశం. స్వెట్టర్ ఉందా? నాది పంపనా? మా మేడం ఇచ్చింది, ఒక్కసారి కూడా ఏసుకోలేదు," అంది. ఆ స్వెట్టర్ ఖోర్ ఫక్కాన్ వచ్చే ఎవరిదో కారులో రెండు రోజుల్లో నాకు చేరింది.

దుబాయ్‌లో వీసా ఆఫీసుకు తీసుకెళ్ళారు. వేలిముద్రలు తీసుకునే అమ్మాయి హిందీలో అడిగింది, నువ్వెందుకు వెళ్తున్నావని. కాగితాల్లో ఏం రాశారో నాకు తెలియదు. "ఇన్‌కా హాథ్ పకడ్‌నే కేలియే," అన్నాను. ఈవిడ చెయ్యి పట్టుకోవడానికి. ఆ అమ్మాయి నవ్వి, యుమ్మాను చూసి, మళ్ళీ నన్ను చూసి వేళ్ళు మిషన్ మీద పెట్టమంది.

విమానాశ్రయంలో మేడం నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. "నీది నువ్వే ఉంచుకో," అంది. వచ్చిన కొత్తలో దాచమని నేనే ఇచ్చాను. తర్వాత అడగలేదు, అడగొచ్చని నాకు తోచలేదు. పాస్‌పోర్టులో ఫోటో చూస్తే నాకే కొత్తగా అనిపించింది. అంత సన్నగా ఉండేదాన్నా అనుకున్నాను. తిరిగి వచ్చాక కూడా మేడం దాన్ని వెనక్కి అడగలేదు.

ఆ ఊరు నిజంగానే చిన్నది. మధ్యలో రోమనుల తర్వాత ఎప్పుడో కట్టిన నాలుగు గుండ్రటి బురుజుల కోట, దాని ముందు రాళ్ళు పరిచిన ఖాళీ స్థలం, చుట్టూ దుకాణాలు. ఒక చివర నుంచి ఇంకో చివరకు యుమ్మా చక్రాల కుర్చీని తోసుకుంటూ అరగంటలో వెళ్ళిపోవచ్చు. రోమనుల గోడలు శ్మశానం పక్కన ఉన్నాయి. నడుమెత్తు రాళ్ళ వరసలు, వాటి మధ్య గడ్డి. స్కూలు పిల్లలు వాటి మీద కూర్చుని రొట్టెలు తింటున్నారు.

"అంత పెద్ద రాజులు కట్టింది ఇంతే మిగిలిందా?" అంది యుమ్మా.

"ఇంతైనా మిగిలింది. మా లంకలో మేము పుట్టిన ఇల్లే లేదు, గోదారి తీసుకుపోయింది," అన్నాను.

మొదటి రోజే సరస్సు దగ్గరకు తీసుకెళ్ళమంది. అవతలి ఒడ్డు మసగ్గా కొండల కింద కనిపిస్తోంది. యుమ్మా నాచేత అరచేతిలో నీళ్ళు తెప్పించుకుని నాలుకకు తాకించి మొహం చిట్లించింది.

"ఉప్పు లేదు. ఇది బహర్ కాదు."

బహర్ అంటే సముద్రం. ఆవిడ దృష్టిలో ఇంత నీళ్ళుండి ఉప్పు లేకపోవడం మోసం. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. నేను గోదారి నీళ్ళు తాగి పెరిగినదాన్ని. అన్నేళ్ళు ఖోర్ ఫక్కాన్ సముద్రం చూస్తూ ఉన్నా, ఎదురుగా అన్ని నీళ్ళుండి ఒక్క గుక్క తాగలేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది. మొహం కడుక్కున్నాను. మెడ మీద చల్లుకున్నాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. యుమ్మా నన్ను చూసి, "పిచ్చిదానా, జలుబు చేస్తుంది," అని తిట్టింది.

ప్రతి ఉదయం వేడినీళ్ళకు వెళ్ళేవాళ్ళం. కుళ్ళిన గుడ్డు వాసన వేసేది. రోమా రాజులు ఈ వాసనలోనే కూర్చునేవారా అని యుమ్మా ముక్కు మూసుకునేది. ఒంటినిండా కప్పే ఈత బట్టల్లో ఉన్న మా ఇద్దర్నీ మొదటి రెండు రోజులు అందరూ చూశారు. మూడో రోజుకు అక్కడి ముసలమ్మలు యుమ్మాకు జరిగి చోటిచ్చారు. భాష రాకపోయినా తమ మోకాళ్ళు చూపించి ఏదో చెప్పేవారు. ఆవిడ తన మోకాళ్ళు చూపించి ఇంకేదో చెప్పేది. నెమ్మదిగా కాళ్ళు వంగడం మొదలైంది. రెండో వారానికి నా చెయ్యి పట్టుకుని పది అడుగులు వేసింది.

ఒకరోజు పెద్ద వాన. సరస్సు వైపు వెళ్ళే వీలు లేదు, గదిలో కూర్చోవడం యుమ్మాకు పడదు. కోటలో మ్యూజియం ఉందని, లిఫ్ట్ కూడా ఉందని మేడం చెప్పింది. ఇద్దరం వెళ్ళాం. కుండలు, నాణేలు, ఇనుప ముక్కలు. యుమ్మా ఆవలిస్తూ ఉంది. ఆ తర్వాతి గదిలో పడవ ఉంది.

నల్లగా, మా నాన్న పడవ కంటే పొడుగ్గా, అడుగు చదునుగా ఉంది. ఎక్కడికక్కడ పగిలిన చెక్కల్ని ఇనుప చట్రం మీద నిలబెట్టారు. రోమనుల కాలంలో ఆ సరస్సు మీద సరుకు మోసిన పడవట. చదునైన ఆ అడుగు చూడగానే నాకు మా లంక రేవులో ఉన్నట్టే అనిపించింది. లోతు తక్కువ నీళ్ళలో నడిచే పడవ ఎక్కడైనా అలాగే ఉంటుంది కాబోలు.

"ఆపు," అంది యుమ్మా. కుర్చీలో నుంచి లేచి నిలబడింది. నా చెయ్యి వదిలి, అడ్డంగా కట్టిన తాడు మీద నుంచి వంగి, రెండు చెక్కల మధ్య సందు మీద వేలు పెట్టింది.

ఎక్కడో గంట మోగింది.

ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఒకటి అలవాటు. ఏదైనా పగిలినా, పోయినా, మోగినా ముందు మన చేతులు వెనక్కి వెళ్ళిపోతాయి. నా చేతులూ అలాగే వెనక్కి వెళ్ళాయి. తెల్ల మీసాల పెద్దాయన ఒకరు గబగబా వచ్చారు. ఆ ఊరి బడిలో పంతులుగా చేసి రిటైరయి, మ్యూజియంలో సాయం చేస్తున్నారని తర్వాత తెలిసింది. ఆయన భాష ఫ్రెంచి, ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. నా ఇంగ్లీషు పదో తరగతిది, మిగతాది ఇక్కడ ఆస్పత్రుల్లో, సూపర్ మార్కెట్లలో నేర్చుకున్నది.

"సారీ సర్, సారీ," అంటున్నాను నేను.

యుమ్మా వెనక్కి కూడా తిరగలేదు. "బింత్, నీళ్ళు రాకుండా ఈ సందుల్లో ఏం కుక్కారో అడుగు."

"యుమ్మా, ఆయనకు కోపం వచ్చిందేమో."

"కోపం వస్తే తర్వాత తెలుస్తుంది. ముందు అడుగు."

అడిగాను. ఆయన మొహంలో కోపం ఉంటే అప్పుడే పోయింది. ఏదో మాట చెప్పారు, నాకు అర్థం కాలేదు. ఇంకోలా చెప్పారు, అదీ అర్థం కాలేదు. ఉండండి అని సైగ చేసి, ఆ వానలో బయటికి వెళ్ళి, కోట గోడ మీది పచ్చటి నాచు గోకి అరచేతిలో పట్టుకుని వచ్చారు. ఆయన జుట్టు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. యుమ్మా ఆ నాచు తీసుకుని వేళ్ళతో నలిపి వాసన చూసింది.

"నాచు కుక్కి, దాని మీద తాడు పెట్టి, తాడు మీద మేకులు," అని ఆయన చేతులతో చూపించారు.

"జేన్," అంది యుమ్మా. బాగుంది అని. "వీళ్ళకు పని తెలుసు. మా వైపు చెక్క పడవలకు దూది, చేపనూనె. మీ నాన్న ఏం పెట్టేవాడు?"

"కొబ్బరి పీచు కుక్కి, గుగ్గిలం రాసేవాడు."

"అదీ ఆయనకు చెప్పు."

చెప్పాను. ఆయన జేబులో నుంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. నేను చెప్పిన మాట ఒకరు కాగితం మీద రాసుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

అప్పుడు యుమ్మా షాషా సంగతి మొదలుపెట్టింది. నేను ఒక్కొక్క ముక్కా ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాను. మట్టలు, తాళ్ళు అన్నంతవరకూ ఆయన తల ఊపారు. "అడుగున అంతా సందులే. నీళ్ళు లోపలికి వస్తాయి, బయటికి పోతాయి," అనేసరికి ఆగిపోయారు.

"నీళ్ళు లోపలికి వస్తాయా? పడవలోకి?"

నేనే తప్పు చెప్పానేమో అనుకుని యుమ్మాను మళ్ళీ అడిగాను. ఆవిడ నవ్వింది.

"రానీ. వస్తే ఏం? మట్ట తేలుతుంది కదా. మునగడానికి అందులో ఏముంది? కూర్చున్నవాడి ఒళ్ళు తడుస్తుంది, అంతే."

ఆయన ఇంకా నమ్మలేదు. మర్యాదగా నవ్వుతున్నారు. ఆ నవ్వు చూసి యుమ్మాకు పట్టుదల వచ్చింది. "రేపు కట్టి చూపిస్తానని చెప్పు," అంది.

ఆ ఊళ్ళో ఖర్జూరపు మట్టలు ఎక్కడివి? సరస్సు ఒడ్డున మా కాలవగట్ల మీద పెరిగే కిక్కిస గడ్డి లాంటిదే ఒత్తుగా ఉంది. దాన్ని కోయకూడదట, పక్షుల కోసం కాపాడుతున్నారట. పెద్దాయన తనకు తెలిసిన ఒక తోటమాలి దగ్గర ఎండబెట్టి ఉంచిన మోపులు రెండు తెప్పించారు. జనపతాడు దుకాణంలో దొరికింది. మర్నాడు కోట లోపలి వాకిట్లో, ఒక చెట్టు కింద యుమ్మాకు బల్ల వేశారు.

మూడు రోజులు పట్టింది. మొదటి రోజంతా ఆవిడ నన్ను తిట్టడంతోనే సరిపోయింది. నా ముడి ఆవిడకు నచ్చలేదు. అది మా నాన్న వేసే ముడి, తడిస్తే ఇంకా బిగుస్తుంది. ఆవిడ ముడి ఒక్క చేత్తో వేసేది, లాగితే ఊడి వచ్చేది.

"ఊడకపోతే రేపు పాడైన మట్ట మార్చడం ఎలా? ప్రతి ఏడాదీ విప్పి కట్టాలి," అంది.

"మా నాన్న విప్పాల్సిన పని లేకుండానే కట్టేవాడు యుమ్మా."

"మీ నాన్నది నది. మాది సముద్రం. నోరు మూసుకుని కట్టు."

కట్టాను. ఆవిడ చెప్పులు విడిచి, తాడు కొసను కాలి బొటనవేలికి మెలిపెట్టి పట్టుకుని, రెండు చేతులతో బిగించేది. నెల కిందట ఆ మోకాలు సగం కూడా వంగేది కాదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. వేడినీళ్ళలో కలిసే ముసలమ్మలు ఇద్దరు కేకు తీసుకొచ్చారు. మేడం లాప్‌టాప్ మూసి వచ్చి రెండో రోజు మధ్యాహ్నం మా పక్కన కూర్చుంది.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేం యుమ్మా?" అని అడిగింది తల్లిని.

"ఏం చెప్పమంటావు? నా పెళ్ళి దాకా మా నాన్న పడవలన్నిటికీ ముడులు వేసింది నేనే. ఒక్కదానిలో కూడా ఎక్కలేదు. కట్టడం ఆడపిల్లది, ఎక్కడం మగపిల్లలది."

మేడం తాడు అందుకుని తనూ ఒక ముడి వేయబోయింది. యుమ్మా దాన్ని విప్పేసి మళ్ళీ వేసింది.

మూడో రోజు సాయంత్రం, ఇంకా బాగా వెలుతురు ఉండగానే, చేయి పొడవున్న ఆ బుల్లి షాషాను సరస్సుకు తీసుకెళ్ళాం. పెద్దాయన దాన్ని నీళ్ళలో పెట్టారు. అడుగు సందుల్లో నుంచి నీళ్ళు జివ్వున పైకి వచ్చాయి. "ఆ..." అన్నారు చూసేవాళ్ళు. అది మునగలేదు. కొద్దిగా దిగి, అక్కడ ఆగి, ఊగుతూ ఉంది. ఆయన ఒక రాయి తెచ్చి అందులో పెట్టారు. ఇంకాస్త దిగింది, తేలుతూనే ఉంది. ఇంకో రాయి. అప్పుడు ఆయన యుమ్మా వైపు తిరిగి, నాటకంలో రాజుకు చేసినట్టు వంగి దండం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. యుమ్మా తలమీది బట్ట సర్దుకుని, "ఉప్పు నీళ్ళయితే ఇంకా బాగా తేలేది," అంది. అది మాత్రం నేను వాళ్ళకు చెప్పలేదు.

ఆ పడవను మ్యూజియంలో పెడతామని, పక్కన కాగితం మీద కట్టినవాళ్ళ పేరు రాస్తామని ఆయన అన్నారు. యుమ్మా తన పేరు, తండ్రి పేరు చెప్పింది. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "దీని పేరూ రాయి. వాళ్ళ నాన్న పేరూ రాయి. ముడులు సగం దీనివే," అంది. దాన్ని నేనే ఇంగ్లీషులో చెప్పాలి. నా పేరు రాయండని నా నోటితో నేనే ఎలా చెప్పను? తడబడుతుంటే మేడం అందుకుని చెప్పింది. ఆయన పుస్తకం నాకే ఇచ్చారు. నా పేరు, దాని కింద మా నాన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. మా నాన్నకు సంతకం కూడా వచ్చేది కాదు.

ఖోర్ ఫక్కాన్ తిరిగి వచ్చాక యుమ్మా ఊరుకోలేదు. అసలైనది కడతానంది. కొడుకులు నవ్వి ఊరుకుందామనుకున్నారు. మేడం ఊరుకోనివ్వలేదు. చలికాలం వచ్చాక పెద్ద కొడుకు అల్ ఐన్ తోటల్లో నుంచి ఒక పికప్ నిండా ఖర్జూరపు మట్టలు తెప్పించాడు. వాటి ఆకులు దూసి, సముద్రంలో నానబెట్టి, పెరట్లో పరిచాం. యుమ్మా కుర్చీలో కూర్చుని చెప్పేది, నేను కట్టేదాన్ని. బలం చాలని చోట తోటపని చేసే నిజామాబాద్ అన్న ఒకాయన వచ్చి లాగేవాడు.

"ఏందక్కా ఇది? నావనా, మంచమా?" అని అడిగాడు మొదటి రోజు.

"నావే."

"గిన్ని సందులుంటే మునగదా?"

"అదే అందరూ అడిగేది. లాగు అన్నా."

నెల దాటి పట్టింది. ఒక శనివారం పొద్దున్న, ఎండ ఇంకా ముదరకముందే ఒడ్డుకు తీసుకెళ్ళాం. కొడుకులిద్దరూ యుమ్మాను ఎత్తుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్న షాషాలో కూర్చోబెట్టారు. నేను తోక వైపు పట్టుకున్నాను. సందుల్లో నుంచి నీళ్ళు వచ్చి ఆవిడ వేసుకున్న నల్ల అబాయాను నడుము దాకా తడిపాయి. మేడం ఒడ్డున నిలబడి ఏడుస్తోంది, నవ్వుతోంది. కొడుకులు చెరోవైపు గట్టిగా పట్టుకుని నడిపిస్తున్నారు.

"వదలండి," అంది యుమ్మా.

"వద్దు యుమ్మా, పడిపోతావు."

"వదలండి అంటున్నానా!"

వాళ్ళు వదల్లేదు. ఆవిడ మెడ తిప్పి నన్ను చూసింది.

"బింత్, వీళ్ళకు నువ్వు చెప్పు. నా మాట వీళ్ళకు అర్థం కావడం లేదు."

ఆ ఇంటి మగవాళ్ళకు నేను అంతవరకూ భోజనానికి పిలవడం తప్ప ఏమీ చెప్పినదాన్ని కాదు. "వదలమంటున్నారు. వదలండి. ఏమీ కాదు," అన్నాను. అరబీలో, గట్టిగానే అన్నాను. ముందు నేను చేతులు తీశాను. చిన్న కొడుకు నన్ను చూశాడు, తల్లిని చూశాడు, చెయ్యి తీశాడు. పెద్ద కొడుకు కూడా తీశాడు.

పది లెక్కపెట్టేంత సేపు యుమ్మా తను కట్టిన పడవలో ఒక్కతే ఉంది. ఒక అల వచ్చి పైకి లేపింది, దింపింది. ఆవిడ రెండు చేతులూ చెరోవైపు నీళ్ళలో పెట్టి కూర్చుంది. తర్వాత కొడుకులు పట్టుకున్నారు.

దాని తర్వాత వారం రోజులు దగ్గు. మేడం నన్నూ తిట్టింది. యుమ్మాకు మాత్రం ఆ దగ్గు కూడా గొప్పగానే ఉంది, వచ్చిన ప్రతివాళ్ళకూ అదెలా వచ్చిందో చెప్పుకునేది.

ఇప్పుడు ఆవిడ ఎక్కువగా పడుకునే ఉంటోంది. గాలుల పేర్లు ఇంకా అడుగుతుంది, నేను చెబుతాను. నా మీద పెట్టిన నమ్మకానికి ఆవిడకు నేనేం ఇచ్చుకోగలను? ఒకసారి అలాగే అనబోతే, "టీలో యాలకులు తక్కువయ్యాయి, అది చూడు," అంది.

మా వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. డాక్టరు దగ్గర ఏం చెప్పాలో తెలియక కొందరు నొప్పి ఓర్చుకుంటూనే ఉండిపోతారు. నాకు అరబీ వచ్చన్న సంగతి ఒకరి ద్వారా ఒకరికి తెలిసింది. సెలవు రోజున ఎవరైనా ఫోన్ చేస్తే వెళ్తాను. మొన్న కొత్తగా వచ్చిన రాజోలు వైపు అమ్మాయి ఒకతి, కడుపులో నొప్పి, ఆస్పత్రిలో నా పక్కన కూర్చుని గొణిగింది.

"అక్కా, ఏం చెప్పాలో తెలీట్లేదక్కా. తప్పు చెప్తే ఏమైనా అంటారేమో."

"ఎవరూ ఏమీ అనరు. ఎక్కడ నొప్పో, ఎప్పట్నించో నాకు చెప్పు. నేను చెప్తాను."

లోపలికి పిలిచారు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లేచింది. డాక్టరమ్మ అరబీలో అడిగింది, నేను తెలుగులో అడిగాను. ఆ అమ్మాయి పక్కటెముక కింద వేలు పెట్టి చూపించింది.